రెండు వీధుల దూరం

పాత క్వార్టర్సు, కట్టేసిన పెట్టెల మధ్య నుంచి

వాగుడుకాయకి,

ముందు కూర్చో, తర్వాత చదువు. నన్ను మీ ఊరికి బదిలీ చేశారు. మీ ఊరికే, మీ పెద్ద కోర్టుకే. ఆర్డరు తెచ్చిచ్చిన గుమాస్తా నా మొహం చూసి కంగారుపడ్డాడు. జడ్జిగారు నవ్వడం అతను ఎప్పుడూ చూడలేదు పాపం.

లా కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్న రోజుల్లో నోరు విప్పనని నువ్వు నాకు ముంగి అని పేరు పెట్టావు. ఈ కుర్చీలో కూర్చున్నాక ఆ పేరు సార్థకమైంది. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళు ఉన్నాను, ఒక్కరింటికీ వెళ్ళలేదు. వెళితే వాళ్ళ బావమరిదికో తోడికోడలికో నా దగ్గర ఒక వాయిదా ఉంటుంది. కూరల కొట్టుకి వెళితే అతను తూకం వెయ్యకుండానే సంచీ నింపేవాడు. అది పడక బంట్రోతు చేత తెప్పించుకోవడం మొదలుపెట్టాను. టైలరు కొలతలు తీసుకుంటూ తన అన్నదమ్ముల తగాదా ఎత్తాడు. బట్ట అక్కడే వదిలేసి వచ్చాను.

జడ్జికి కోర్టులో వేరే తలుపు ఉంటుంది, తెలుసుగా. ఎవరూ ఎదురుపడకుండా వేరే వరండా కూడా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ వరండాలో నడిచి, మనుషులకి ఎదురుగా నడవడం మర్చిపోయానేమో అని భయంగా ఉంది.

ఇక ఆ బాధ లేదు. సాయంత్రాలు మీ మేడమీద కూర్చుంటాను. నువ్వు వాగుతూ ఉండు, నేను వింటాను. నాకు అంతకు మించి అక్కర్లేదు. మీ అత్తగారు టీలో చక్కెర గుమ్మరిస్తారని రాశావు కదా, నాకు అలాగే ఇష్టమని చెప్పు.

నీ ముంగి


ప్రింటింగ్ ప్రెస్సు పైన మేడ

మహాఘనత వహించిన ముంగిగారికి,

నీ ఉత్తరం చదివి గట్టిగా అరిచాను. కింద ప్రెస్సువాళ్ళు మిషను ఆపేసి పైకొచ్చారు, ఎవరైనా పోయారేమోనని. మా అత్తగారికి మూడుసార్లు చెప్పాను. ఆవిడ చెవుడు సంగతి నీకు తెలుసు, తనకి కావలసినవి తప్ప ఏవీ వినపడవు. చివరికి "జడ్జి మనింటికి రావడమేమిటి? మనమేం చేశాం?" అంది.

మా ఆయన పోయాక ఈ మేడమీద నేను అంత గట్టిగా నవ్వడం ఇదే మొదలు. నన్ను వాగుడుకాయ అంటావు గానీ, పగలంతా నేను మాట్లాడేది ఇంకొకళ్ళ తరఫున. ఇంటికొచ్చి అత్తగారికి వినపడేలా "ఉప్పు వెయ్యనా?" అని అరుస్తాను. నా తరఫున మాట్లాడుకోవడానికి మాత్రం ఎవరూ లేరు. నువ్వొస్తే అదీ తీరుతుంది.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. నా కేసులన్నీ చిన్న కోర్టుల్లోనే. నీ దాకా వచ్చేది ఒక్కటే. బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ ఒకామె జైల్లో ఉంది. భర్త మెట్లమీంచి పడి పోయాడు. ఆవిడే తోసిందని కేసు. ట్యాంకు పొర్లి మెట్లు తడిసిపోయాయి, జారి పడ్డాడని ఆవిడ మాట. బెయిలు రాలేదు. నీ కుర్చీ ఖాళీగా ఉండటంతో విచారణ కూడా మొదలవలేదు. కూతురు పిల్లల హాస్టల్లో పెరుగుతోంది. మొన్న తల్లిని చూడటానికి వచ్చి, "మీరు బాగున్నారా?" అని అడిగిందట. పెద్దవాళ్ళనందరినీ అలాగే పలకరించమని హాస్టల్లో నేర్పారు. ఇస్త్రీ ఆవిడ నాకు ఆ సంగతి చెప్పి, కేసు ఎంతవరకు వచ్చిందని కూడా అడగలేదు.

ఆ కుర్చీలోకి ఎవరో ఒకరు రావాలని రోజూ కోరుకున్నాను. వచ్చేది నువ్వవుతావని అనుకోలేదు. ఇది నీకు రాయొచ్చో లేదో కూడా తెలీదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. కలం సంగతి కూడా అంతే. రాసేశాను.

నీ వాగుడుకాయ


జడ్జి బంగళా, ముందు గది

వాగుడుకాయకి,

స్వాగత సభలో నిన్ను చూశాను. వకీళ్ళందరితో పాటు వరసలో వచ్చి తల వంచావు. నేనూ తల వంచాను. నీ వెనక ఉన్నాయన ముందుకు జరిగాడు, అంతే. జుట్టు అంత నెరిసిందని ఉత్తరాల్లో ఒక్కసారైనా రాశావుటే?

ఇష్టం లేకుండా రాస్తున్నాను, విను. కేసుల సంగతి ఇకమీద ఒక్క ముక్క కూడా రాయకు. ఇదివరకు రాసింది మర్చిపోవడానికి ప్రయత్నిస్తున్నాను. మెట్లు, ట్యాంకు మర్చిపోగలను. ఆ పిల్ల "మీరు" అన్నదే మర్చిపోలేకపోతున్నాను.

ఇంటికి కూడా రాకు. గేటు దగ్గర బంట్రోతు ఉంటాడు, ఎదురిల్లు ప్రాసిక్యూటరుగారిది. నువ్వు ఒక్క పూట వచ్చి వెళితే, రేపు ఆవిడ కేసులో నేనేం చేసినా దాని వెనక నువ్వు తాగి వెళ్ళిన టీ కనపడుతుంది. నేనూ రాలేను. మామూలు కబుర్లు పోస్టులో రాసుకుందాం. బంట్రోతు చేతికి మాత్రం ఇవ్వకు.

ఈ బంగళాలో గదులు ఎక్కువ. ఒకటే వాడుకుంటున్నాను. సాయంత్రం డాబా ఎక్కి నడుస్తాను. ప్రెస్సు మేడ ఏదని బంట్రోతుని అడగబోయి ఊరుకున్నాను. సన్నగా వినపడే మిషను చప్పుడు మీదేనా?

ఊరు మారిందే గానీ, నా బతుకు మారలేదు.

ముంగి


ప్రెస్సు మేడ

ముంగికి,

రెండు వీధుల దూరానికి స్టాంపు అంటిస్తున్న ఆడవాళ్ళం ఈ భూమ్మీద మనమిద్దరమే అయివుంటాం. పోస్టాఫీసు గుమాస్తా చిరునామా చూసి, "అటే కదండీ వెళ్తున్నారు, ఇచ్చేసి పోండి" అన్నాడు. నడవలేనని చెప్పాను. అతని ఎదురుగానే చకచకా నడిచి వచ్చాను.

అవును, ఆ మిషను మాదే. మా మేడమీంచి మీ డాబా తెలుస్తుంది. నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడుస్తావు. పరీక్షల ముందు హాస్టల్ వరండాలో కూడా అలాగే నడిచేదానివి. నిన్న చెయ్యి ఊపుదామని లేచి, మళ్ళీ కూర్చున్నాను. మా అత్తగారు, "స్నేహితురాలన్నావు, మరి ఇంటికెందుకు రాదు? పోట్లాడుకున్నారా?" అని రోజూ అడుగుతోంది. లేదంటే నమ్మదు. పోట్లాట అని ఒప్పేసుకున్నాను. కనీసం అది ఆవిడకి అర్థమవుతుంది.

ఇంకో రకం మనుషులు కూడా తయారయ్యారు. నిన్న ఒకాయన వచ్చాడు. నా మొహం ఇదివరకు ఎన్నడూ చూడలేదు. కాగితాలు బల్లమీద పెట్టి, "జడ్జిగారు మీ క్లాస్‌మేటటగా, ఇక మాకు దిగులేముంది" అన్నాడు. తలుపు చూపించాను. పక్క గదిలో వకీళ్ళు నవ్వారు. "మేడమ్‌కి ఇక తిరుగులేదు" అన్నారొకరు, సరదాకే. ఇన్నేళ్ళు కష్టపడి ఒక పేరు తెచ్చుకున్నాను. ఇకమీద నేను గెలిస్తే అది నీ పుణ్యం, ఓడితే మనం పోట్లాడుకున్నట్టు లెక్క. నీకైతే ఇంకా కష్టం.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. కేసుల గురించి రాయొద్దన్నావు, రాయను. నీకు కాస్త హాయిగా ఉంటుందని మాత్రం చెబుతున్నాను.

నీ వాగుడుకాయ


జడ్జి బంగళా

వాగుడుకాయకి,

నీ నిర్ణయమేమిటో అడగను. నేనూ ఒక పని చేశాను. అదేమిటో నువ్వూ అడగకు, త్వరలో నీకే తెలుస్తుంది.

వచ్చే నెల మొదట్లో ఒక సాయంత్రం ఖాళీ పెట్టుకో. దర్జాగా గేటులోంచి రా. బంట్రోతు చూస్తే చూడనీ, ఎదురింటివాళ్ళు చూస్తే చూడనీ. కప్పులు కొత్తవి కొన్నాను. ఇంతకాలం నాకు ఒక కప్పే ఉండేది, రెండోది కొనే అవసరం రాలేదు.

ఉత్తరం చిన్నదని తిట్టకు. కప్పులు ఇంకా కడగాలి.

నీ ముంగి


ప్రెస్సు మేడ, జైలు నుంచి తిరిగివచ్చి

గౌరవనీయులైన న్యాయమూర్తిగారికి,

మిమ్మల్ని "మీరు" అంటున్నాను. కోపంగా ఉంది.

సోమవారం నేను ఇస్త్రీ ఆవిడ వకాలతు వదులుకున్నాను. ఫైలు తీసుకున్న వకీలు మంచివాడే. కానీ అతను ఆ మెట్లు ఎక్కి చూడలేదు. ఏ ప్రశ్న దగ్గర ఆవిడ నోరు పెగలదో అతనికి తెలీదు. అయినా ఇచ్చేశాను. నేను తప్పుకుంటే మీరు ఆ కేసు వెంటనే వింటారు, రేపు ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపరు. ఇదీ నా తెలివి.

మంగళవారం మీ బెంచి గుమాస్తా ఆ కేసు నంబరు పిలిచి, దీన్ని రెండో కోర్టుకి మార్చారు అన్నాడు. వకీలు మీ స్నేహితురాలు కాబట్టి కేసు మీ దగ్గర్నుంచి తీసెయ్యమని, కోర్టులకి కేసులు పంచే పెద్ద జడ్జిగారికి ముందు వారమే రాశారట. రెండో కోర్టులో కేసులు బీరువాల మీద కూడా పేర్చి ఉంటాయి. పిలుపు రావడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. నేను వకీలుగా ఉండనని మీకు తెలీదు, మీరు జడ్జిగా ఉండరని నాకు తెలీదు. కొత్త కప్పుల గురించి మాత్రం చక్కగా రాసుకున్నాం.

ఈరోజు జైలుకి వెళ్ళి చెప్పాను. ఆవిడ అంతా విని, "అంటే ఇప్పుడు నాకు మీరూ లేరు, ఆ జడ్జమ్మా లేదు" అంది. మళ్ళీ తనే, "ఆవిడ కోసం మీరు తప్పుకున్నారు, మీ కోసం ఆవిడ తప్పుకుంది. ఇద్దరూ మంచోళ్ళేనమ్మా. మీ మంచితనానికి నేను ఇంకో వేసవి లోపలుంటాను" అంది. గొంతులో కోపం కూడా లేదు. లేచేటప్పుడు, "ఒక్క మాట అనుకోవాల్సింది కదమ్మా మీరిద్దరూ" అంది.

ముంగి నోరు విప్పకపోతే వింత లేదు. నాకేం పుట్టింది?

కప్పులు లోపల పెట్టేసుకోండి.

ఇట్లు,
వకీలు


జడ్జి బంగళా

వాగుడుకాయకి,

నిన్ను వకీలుగారూ అనాల్సింది. అనలేను.

పెద్ద జడ్జిగారికి రాసిన కాగితంలో నియమం కోసం అని రాశాను. అది సగమే నిజం. నీకు నా కోర్టులో ఉన్నది ఆ ఒక్క కేసే. అది పోతే నువ్వు మా ఇంటికి రావచ్చు. కాగితం మీద సంతకం పెడుతూ నేను ఆలోచించింది ఆ ఇస్త్రీ ఆవిడ గురించి కాదు, మన సాయంత్రాల గురించి. ఒంటరిగా ఉండలేక ఆ పని చేశాను. నా సాయంత్రాల కోసం ఆవిడ వేసవిని ఇచ్చేశాను.

చెయ్యాల్సింది ఇద్దరికీ తెలుసు. మొదటిరోజే కోర్టులో, ప్రాసిక్యూటరు వింటుండగా, ఈ వకీలు నా స్నేహితురాలు, నేను ఈ కేసు వినడం మీకు సమ్మతమేనా అని అడగాలి. అంతే. మూసిన తలుపుల వెనక ఎంత మంచిగా ఆలోచించినా అది న్యాయం కాదని తీర్పుల్లో నేనే రాశాను. నా దాకా వచ్చేసరికి వెనక తలుపే వాడాను.

పెద్ద జడ్జిగారిని కలిసి ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు తిట్టారు. తర్వాత, ఆయన కోర్టులోనే గురువారం రెండు పక్షాలనీ పిలుస్తానన్నారు. నేను లేచి నిలబడి మన స్నేహం సంగతి అందరి ముందూ చెబుతాను. ఈ ఉత్తరాల సంగతి, నువ్వు ఆ పిల్ల గురించి రాసిన సంగతి కూడా చెబుతాను. ప్రాసిక్యూటరు వద్దంటే కేసు అక్కడే ఉంటుంది, త్వరగా వినమని అడుగుతాను. సరేనంటే నా దగ్గరకి తిరిగొస్తుంది, వాయిదాలు పడకుండా వింటాను. ఏది జరిగినా వకాలతు నువ్వే తిరిగి తీసుకో.

కేసు నా దగ్గరకే వస్తే, అది తేలేదాకా మనకి ఉత్తరాలు కూడా ఉండవు. డాబా మీద నడవడం కూడా మానేస్తాను, నువ్వు చూస్తున్నావని తెలిశాక నడవడం న్యాయం కాదు. కోపం తగ్గకపోయినా గురువారం రా.

ముంగి


ప్రెస్సు మేడ, చలికాలం

న్యాయమూర్తిగారికి,

తీర్పు వచ్చేసింది కాబట్టి రాస్తున్నాను. అలవాటు తప్పి కలం సరిగ్గా సాగడం లేదు.

ఆ గురువారం మీరు నిలబడి మన సంగతి చెప్పినప్పుడు, ప్రాసిక్యూటరుగారు లేచి, "మాకు అభ్యంతరం లేదు. ఈ వకీలుగారు ఫ్రెండని కూడా చూడరు, అందరితోనూ ఒకేలా తగాదా పడతారు" అన్నారు. కోర్టంతా నవ్వింది. మీరూ నవ్వారు. మీరు ఈ ఊరొచ్చాక మనం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

మాటిచ్చినట్టే ఒక్క వాయిదా పడకుండా విన్నారు. ఆవిడ కావాలని చంపలేదని, కానీ గొడవలో తోసిన మాట నిజమని తేల్చారు. జైల్లో గడిపిన కాలమే శిక్ష, ఇక ఇంటికి వెళ్ళొచ్చన్నారు. అందరూ నాకు అభినందనలు చెప్పారు. ఆవిడ ఇంటికొచ్చింది. కూతుర్ని తెచ్చుకుంది. ఇస్త్రీ బల్ల మళ్ళీ వేసుకుంది. బట్టలే రావడం లేదు. తోసిందని జడ్జిగారే చెప్పారు కదా అంటున్నారు వీధిలో. రోజూ పెట్టె వేడిచేసి, చల్లారాక లోపల పెడుతోంది. నా నల్లగౌను నలగకపోయినా తీసుకెళ్ళి ఇస్తున్నాను.

మీ తీర్పు తప్పు. తోయడం చూశానన్న సాక్షి నిలబడ్డ పై మెట్టు మీంచి, అతను పడిన కింద మలుపు కనపడదు, మధ్యలో గోడ ఉంది. నేను ఎక్కి చూశాను. వాదనలో చెప్పాను. మీరు రాసుకోవడం కూడా చూశాను. తీర్పులో ఆ ముక్కే లేదు.

అప్పీలు వేస్తున్నాను. ఈ సంగతి వేరే ఎవరో చెబితే వినడం కంటే నా ఉత్తరంలో చదవడం మంచిదనిపించింది. తీర్పు చదువుతున్నంతసేపూ మీరు నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తారనుకున్నాను.

వకీలు


కొత్త ఊరు, ఇంకా విప్పని పెట్టెల మధ్య నుంచి

వాగుడుకాయకి,

నీ ఆఖరి ఉత్తరానికి జవాబు రాయలేదు. అప్పీలు నడుస్తుండగా రాయకూడదు. బదిలీ మీద బయల్దేరిన రోజు నా కారు మీ మేడ కిందనుంచే వెళ్ళింది. ప్రెస్సు మిషను చప్పుడు వింటూ కూర్చున్నాను. తల ఎత్తి చూడలేదు.

పై కోర్టు తీర్పు కాపీ ఇవాళ చేరింది. ఆవిడ తోసిందనడానికి ఆధారం లేదంది. నా తీర్పు కొట్టేసింది. ఇక్కడి తోటి జడ్జీలు ఇలాంటివి మామూలేనని ఓదార్చారు. ఇక ఆ కేసు ఎక్కడా లేదు కాబట్టి నిజం రాస్తున్నాను.

ఆ గోడ సంగతి నువ్వు చెప్పినప్పుడు రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను. తీర్పు రాస్తూ ఆ గీత దగ్గర ఆగిపోయాను. ఇది నిజమా, లేక నీ నోట్లోంచి వచ్చింది కాబట్టి నిజంలా ఉందా అని నన్ను నేను అడిగాను. తేల్చుకోలేక ఆ మాట వదిలేశాను. ఇంకే వకీలు చెప్పినా నమ్మేదాన్ని. నీవైపు మొగ్గకూడదని చూసి చూసి అవతలివైపుకి ఒరిగిపోయాను. ఆ శిక్ష ఆవిడకి పడింది. అప్పుడు నీవైపు చూడకపోవడం కూడా అందుకే.

నీ అప్పీలు కాగితాల నకలు నా బల్లమీదకి వచ్చిన రోజు గుర్తుంది. ప్రతి పేరా "కింది కోర్టు పొరబడింది" అని మొదలైంది. ఈ కుర్చీలో కూర్చున్నాక నా ఎదురుగా ఆ మాట అన్నవాళ్ళు లేరు. అందరూ చిత్తం అంటారు, వెనక ఏమంటారో నాకు తెలీదు. టైపు కొట్టిన కాగితాలే. అయినా, అన్ని నెలల తర్వాత నీ ఉత్తరం వచ్చినట్టే ఉంది. తలుపు వేసుకుని రెండోసారి కూడా చదివాను. ఏడ్చాను.

ఇస్త్రీ ఆవిడకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. జడ్జి దిగివెళ్ళి క్షమించమని అడగడానికి కోర్టులో దారి లేదు. ముంగిని, మాటలు కూడా రావు. నువ్వు మాట్లాడగలవు. ఈ ఒక్కసారికి నా తరఫున వకాలతు తీసుకుని ఆవిడ దగ్గరకి వెళ్ళు. ఆవిడ ఏమంటే అది నాకు చెప్పు, తగ్గించకుండా చెప్పు. ఆ పిల్ల ఇప్పుడు తల్లిని ఏమని పిలుస్తోందో కూడా చెప్పు.

ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. జడ్జికి ఇంతకంటే మంచి ఊరు దొరకదని ఇక్కడి గుమాస్తా మెచ్చుకున్నాడు. కప్పుల పెట్టె ఒక్కటే విప్పాను.

ఈ ఊరి కోర్టుల్లో నీకు ఒక్క కేసు కూడా లేదు కదా. అయితే బయల్దేరు. మీ అత్తగారిని కూడా తీసుకురా, చక్కెర ఆవిడే వెయ్యాలి.

నీ ముంగి